1839 లివర్‌పూల్ స్టీపుల్‌చేజ్: మొదటిది కాకపోయినా లెక్క అక్కడి నుంచే ఎందుకు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విక్టోరియా రాణి గద్దెనెక్కిన కొత్తల్లో ఇంగ్లండ్‌లో స్టీపుల్‌చేజ్, అంటే అడ్డంకులు దూకుతూ సాగే గుర్రప్పందెం, ఎలా జరిగేది? 1839 లో లివర్‌పూల్ దగ్గర జరిగిన పందేన్నే మొదటి గ్రాండ్ నేషనల్ (ఇప్పటికీ అక్కడ జరిగే పేరున్న స్టీపుల్‌చేజ్) అని ఎందుకంటారు? ఆ పందెంలో రౌతు కెప్టెన్ బెచర్ వాగులో పడిన కథలో నిజమెంత? అడిగినవారు హైదరాబాద్ మలక్‌పేటలో రేసులు చూసినవారట. కాబట్టి ఫేవరెట్ (గెలుస్తుందని ఎక్కువ డబ్బు కాసిన గుర్రం), ఆడ్స్ (గెలిస్తే కాసినదానికి ఎన్ని రెట్లు వస్తుందన్న లెక్క), హ్యాండికాప్ (సత్తాను బట్టి గుర్రాలకు వేర్వేరు బరువులు) లాంటివి ఇంతకు మించి విడమర్చకుండానే రాస్తున్నాను.

ముందు మలక్‌పేట బొమ్మను కాసేపు పక్కన పెట్టండి. అక్కడ మీరు చూసేది ఫ్లాట్ రేసు. చదునైన పచ్చిక, రెండువైపులా రెయిలింగు, జాకీ బరువు జీనుతో కలిపి 50, 60 కిలోలు, రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది. 1839 నాటి పందెంలో దూరం సుమారు 4 మైళ్ళు, అంటే ఆరున్నర కిలోమీటర్లకు కొంచెం తక్కువ. దారి మైదానం కాదు. కొంత పచ్చిక, కొంత దున్నిన చేను. మధ్యమధ్య గట్లు, ముళ్ళకంచెలు, కందకాలు, రెండు వాగులు, ఒక రాతిగోడ. ప్రతి గుర్రం మీదా 12 స్టోన్ల బరువు, మన లెక్కలో 76 కిలోలు. గెలిచిన గుర్రానికి పట్టిన సమయం 14 నిమిషాల 53 సెకన్లు. ఇప్పటి గ్రాండ్ నేషనల్ అంతకంటే కాస్త ఎక్కువ దూరమే, అయినా తొమ్మిది పది నిమిషాల్లో ముగిసిపోతుంది. ఈ తేడా చూసి అప్పటి గుర్రాలు నెమ్మది అనుకోవద్దు. తడిసిన దుక్కిలో కాళ్ళు దిగబడుతూ ఉంటే ఏ గుర్రమైనా అంతే. పడిపోయిన రౌతు లేచి, గుర్రాన్ని పట్టుకుని, మళ్ళీ ఎక్కి పందెంలో కలిసిపోవడం అప్పట్లో మామూలు విషయం.

ఈ దూకుళ్ళ పందెం ఎక్కడి నుంచి వచ్చిందంటే, పొలాలకు కంచెలు పడటం నుంచి. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఊరుమ్మడి భూములను చట్టాలు చేసి మరీ విడదీసి, ఎవరి వాటాకు వాళ్ళు కంచెలు వేసుకున్నారు, కందకాలు తవ్వుకున్నారు. అంతకుముందు నక్కల వేటకు వెళ్ళే జమీందార్లు బయలు భూముల్లో గుర్రాన్ని దౌడు తీయిస్తే సరిపోయేది. కంచెలొచ్చాక దూకక తప్పలేదు. దూకే గుర్రానికి గిరాకీ పెరిగింది. దూకించగలవాడికి పేరొచ్చింది. ఇక "నా గుర్రమా, నీ గుర్రమా" అన్న పంతం రావడానికి ఎంతసేపు? ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో 1752 లో ఒకాలహన్, బ్లేక్ అనే ఇద్దరు బటివంట్ చర్చి నుంచి డానరేల్ చర్చి దాకా నాలుగున్నర మైళ్ళు పందెం వేసుకున్నారని చెబుతారు. చర్చి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి అదే గురి. మధ్యలో ఏ దారిన పోతావో నీ ఇష్టం, ఏది అడ్డొస్తే అది దూకు.

ఇలాంటి పందేనికి ఒక పెద్ద లోపం ఉంది. బయలుదేరేచోట నిలబడ్డవాడికి గమ్యం కనిపించదు. గమ్యం దగ్గర నిలబడ్డవాడికి చివరి నిమిషం తప్ప ఏమీ కనిపించదు. పాల్గొనేవాళ్ళకు పరమానందం, చూసేవాళ్ళకు సున్నా. ఇక్కడి నుంచి 1839 దాకా జరిగిందంతా ఈ లోపాన్ని సరిదిద్దుకుంటూ వచ్చిన కథే అని నా అభిప్రాయం. సరిదిద్దింది ప్రభువులూ కాదు, సైన్యాధికారులూ కాదు. ఇద్దరు హోటల్ యజమానులు.

మొదటివాడు టామస్ కోల్‌మన్. లండన్‌కు ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ ఊళ్ళో టర్ఫ్ హోటల్ నడిపేవాడు, రేసు గుర్రాలకు శిక్షణ కూడా ఇచ్చేవాడు. 1830 మార్చి 8న అతను ఏర్పాటు చేసిన పందెంలో గుర్రాలు హార్లింగ్టన్ చర్చి దగ్గర బయలుదేరి రెస్ట్ పార్కులో ఉన్న రాతి స్తంభం దాకా పరుగెత్తాయి. లార్డ్ రానెలాకు చెందిన వండర్ అనే గుర్రం గెలిచింది. అది ఇంకా పాత పద్ధతే, ఒకచోట మొదలై మరోచోట ముగిసేది. మరుసటి ఏడాది నుంచి దారిని తిప్పి, బయలుదేరిన చోటికి దగ్గర్లోనే ముగిసేలా మార్చాడు. జనం ఒకే చోట నిలబడి మొదలూ చివరా చూడొచ్చు, ఆ తర్వాత వాళ్ళు భోజనానికి ఎక్కడికి వెళ్తారో మీరే ఊహించండి. దారి ముందే తెలిస్తే రౌతులు వచ్చి సాధన చేసేస్తారని కోల్‌మన్ ఒక ఉపాయం కూడా చేసేవాడు. జెండాలు పట్టుకున్న మనుషులను కందకాల్లో దాచిపెట్టి, సైగ అందగానే లేచి నిలబడమనేవాడు. అప్పటిదాకా ఎటు పోవాలో రౌతులకు తెలియదు.

రెండోవాడు లివర్‌పూల్‌లో వాటర్లూ హోటల్ నడిపే విలియం లిన్. ఊరికి ఉత్తరాన ఎయిన్‌ట్రీలో సెఫ్టన్ ప్రభువు నుంచి భూమి కౌలుకు తీసుకుని, ఫ్లాట్ రేసుల కోసం మైదానం వేసి స్టాండు కట్టించాడు. 1829 ఫిబ్రవరిలో పునాదిరాయి వేసినప్పుడు లార్డ్ మాలినూ అందులో బంగారు నాణేలున్న సీసా పెట్టాడట. ఆ జులైలోనే ఫ్లాట్ రేసులు మొదలయ్యాయి. లిన్ ఉత్త రేసుల మనిషి కాదు, ఊరికి జనాన్ని రప్పించేది ఏదైనా అతనికి ఇష్టమే. వేటకుక్కలతో కుందేళ్ళను తరిమించే వాటర్లూ కప్ పోటీని 1836 లో మొదలుపెట్టింది కూడా అతనే. ఆ పేరు ఎక్కడిదో వేరే చెప్పాలా, అతని హోటల్ బోర్డు మీదిదే. అదే 1836 లో లివర్‌పూల్ స్టీపుల్‌చేజ్ కూడా మొదలైంది. ద డ్యూక్ అనే గుర్రం గెలిచింది, దాని మీద సవారీ చేసింది ఇంకెవరో కాదు, మీరు అడిగిన కెప్టెన్ బెచర్.

అంటే 1839 నాటి పందెం మొదటిది కానే కాదు. 1836, 37, 38 మూడేళ్ళూ పందేలు జరిగాయి. మరి వాటిని ఎందుకు లెక్కలోంచి తీసేశారు? చాలాకాలం పుస్తకాల్లో చెప్పిన కారణం ఏమిటంటే, ఆ మూడూ ఎయిన్‌ట్రీలో కాదు, పక్కనున్న మగల్ ఊళ్ళో జరిగాయని. కానీ ఆనాటి వార్తలను మళ్ళీ తిరగేసినవాళ్ళు అవీ ఎయిన్‌ట్రీలోనే జరిగినట్టున్నాయని అంటున్నారు. పైగా మగల్ రేసు మైదానం అప్పటికే మూతపడింది. నా మటుకు నాకు ఈ స్థలం గొడవ అసలు విషయం కాదు. ఆ మూడూ స్థానిక పందేలు, చుట్టుపక్కల వాళ్ళు తెచ్చుకున్న గుర్రాలు, 1836 నాటి షరతుల్లో అయితే ఎవరైనా అడిగితే గెలిచిన గుర్రాన్ని 200 సావరిన్లకు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) అమ్మాలని కూడా ఉంది. దేశం నలుమూలల నుంచి, ఐర్లండ్ నుంచి పేరున్న గుర్రాలు వచ్చి చేరింది 1839 లో.

అలా రావడానికి పెద్ద కారణం రైలు. లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు 1830 లోనే వచ్చింది. లివర్‌పూల్ వైపు నుంచి బర్మింగ్‌హామ్‌కు 1837 లో దారి పడింది. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు మొత్తం దారి 1838 సెప్టెంబరులో తెరిచారు. అంటే పందేనికి ఐదారు నెలల ముందే, లండన్‌లో రైలెక్కి లివర్‌పూల్‌లో దిగే వీలు కలిగింది. 1839 ఫిబ్రవరి 26న బరిలో దిగిన 17 గుర్రాల్లో ఒకదాని పేరు రైల్‌రోడ్ అంటే ఆ మోజు ఎంతగా ఉండేదో చూడండి. ఎయిన్‌ట్రీకి మాత్రం అప్పటికి రైలు లేదు. ఊళ్ళో దిగినవాళ్ళు మిగిలిన ఐదారు మైళ్ళు బండ్ల మీదో కాలినడకనో వెళ్ళారు. లిన్‌కు అప్పటికే ఒంట్లో బాగుండక తప్పుకున్నాడు. పందేన్ని ఒక కమిటీ చేతుల్లోకి తీసుకుంది. డెర్బీ, సెఫ్టన్, విల్టన్ ప్రభువులు, లార్డ్ జార్జ్ బెంటింక్ లాంటి పెద్ద పేర్లన్నీ అందులో ఉన్నాయి. అంటే హోటలువాడు వేసిన విత్తును పెద్దలు దత్తత తీసుకున్నారు. పేపర్లలో చోటూ పెరిగింది, పందెం కాసే డబ్బూ పెరిగింది.

ఇక షరతులు చూస్తే ఆనాటి ఆట స్వభావం అర్థమవుతుంది. ఒక్కో గుర్రానికి 20 సావరిన్లు ప్రవేశ రుసుము, రాకపోతే 5 పోతాయి. దానికి నిర్వాహకులు ఇంకో 100 కలుపుతారు. అన్నిటికీ ఒకటే బరువు. సవారీ చేసేవాళ్ళు "జెంటిల్మెన్" అయి ఉండాలి. అన్నిటికన్నా నాకు నచ్చే షరతు ఇంకోటి: రౌతు గేటు తెరవకూడదు, గేటు గుండా పోకూడదు, రోడ్డు మీద గానీ కాలిబాట మీద గానీ 100 గజాలకు మించి స్వారీ చేయకూడదు. ఈ ఒక్క వాక్యం చదివితే చాలు. ఇది రేసు కోర్సు అని మనం అనుకుంటున్న చోట నిజంగా గేట్లున్నాయి, బాటలున్నాయి, అవతల ఎవరో రైతు దున్నిన చేను ఉంది. ఎవడో ఒకడు తెలివిగా గేటు తీసుకుని బాట పట్టి పోయేవాడు కాబట్టే ఇంత కచ్చితంగా రాయాల్సి వచ్చింది.

"జెంటిల్మెన్" షరతును మాత్రం ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. గెలిచిన జెమ్ మేసన్, రెండో స్థానంలో వచ్చిన టామ్ ఆలివర్ ఇద్దరూ డబ్బుకు సవారీ చేసేవాళ్ళే. పేరుకు ముందు "మిస్టర్" తగిలిస్తే పని జరిగిపోయేది.

దారిలో చాలా అడ్డంకులు నిజానికి చిన్నవే, తక్కువ ఎత్తు మట్టిగట్లు, వాటి మీద ముళ్ళపొదలు. మొత్తం రెండు చుట్లలో 29 దూకుళ్ళు. భయపెట్టేవి మూడే. మొదటి వాగు దగ్గర ముందు గట్టి కర్ర కంచె, దాని వెనకే నీళ్ళు, అవతలి ఒడ్డు ఇవతలి కంటే పల్లం. దూకేదాకా ఆ పల్లం గుర్రానికి కనిపించదు. కొంత దూరం పోయాక రెండో వాగు. మూడోది రాతిగోడ, దాదాపు 5 అడుగుల ఎత్తు, దాన్ని కట్టించింది సరిగ్గా స్టాండు ముందు. నా వాదనకు ఇదే గట్టి సాక్ష్యం. అసలు పల్లెదారిలో ఎదురయ్యే అడ్డంకి కాదది, డబ్బిచ్చి కూర్చున్నవాళ్ళ కళ్ళముందు గుర్రాలు ఎగరాలనో పడాలనో పెట్టినది. చుట్లు రెండు కాబట్టి పందెం మధ్యలో ఒకసారి గుర్రాలు స్టాండు ముందుకు వచ్చి వెళ్తాయి. సెయింట్ ఆల్బన్స్‌లో కూర్చున్నవాడికి ఈ భాగ్యం లేదు.

ఆ రోజు పందెం మొదలవగానే ముందుకు దూసుకెళ్ళింది బెచర్ ఎక్కిన కాన్రాడ్. మొదటి వాగు దగ్గరికి అందరికంటే ముందుగా వచ్చి కర్ర కంచెను తన్నుకుంది. గుర్రం ఆగిపోయింది, బెచర్ తలమీదుగా ఎగిరి నీళ్ళలో పడ్డాడు. వెనక నుంచి పదిహేను, పదహారు గుర్రాలు వస్తున్నాయి. లేస్తే డెక్కల కింద పడతాడు. అందుకని నీళ్ళలోనే గట్టుకు ఒదిగి అవన్నీ పైనుంచి దాటిపోయేదాకా ఉండి, తర్వాత బయటికొచ్చి గుర్రాన్ని పట్టుకుని మళ్ళీ ఎక్కాడు. ఇంతవరకూ నిజమే. బయటికొచ్చి "విస్కీ కలపని నీళ్ళు ఇంత దరిద్రంగా ఉంటాయనుకోలేదు" అన్న అర్థంలో ఏదో చమత్కరించాడని చెప్పే ముక్క ఉంది చూశారూ, అది కట్టుకథల ఖాతాలో వేసుకోండి. మనిషి అలాంటి మాట అనగలవాడే, అంతవరకు ఒప్పుకుంటాను. మళ్ళీ ఎక్కి కొంతదూరం తరుముకుంటూ వెళ్ళాడు గానీ రెండో వాగులో మళ్ళీ పడ్డాడు. ఈసారి గుర్రం అతన్ని వదిలేసి పారిపోయింది. ఆ మొదటి వాగుకే ఇవాళ్టికీ బెచర్స్ బ్రూక్ అని పేరు.

బెచర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పడ్డవాడిగానే మిగిలిపోయాడు పాపం. 1797 లో పుట్టాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో స్పెయిన్ వైపు సైన్యం సరఫరా విభాగంలో పనిచేశాడు. కెప్టెన్ హోదా మాత్రం బకింగ్‌హామ్‌షైర్ స్థానిక అశ్వదళంలో వచ్చింది. 1830లలో వివియన్ అనే గుర్రం మీద అతను గెలిచిన పందేలతో దేశమంతా పేరు మోగింది. అప్పటి రౌతుల్లో మొదటి వరసలో నిలబెట్టదగ్గవాడు. ఎయిన్‌ట్రీలో ఆ పడటం తర్వాత ఇంకొన్నేళ్ళు వేరే చోట్ల సవారీ చేశాడు గానీ ఈ పందెంలో మళ్ళీ దిగలేదు. 1836 లో ఇదే పందేన్ని గెలిచాడన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? లెక్కలోంచి తీసేసిన మూడేళ్ళలో అదీ కొట్టుకుపోయింది.

పందెంలోకి వద్దాం. మొదటి చుట్టులోనే చాలా గుర్రాలు పడ్డాయో, మొరాయించాయో, వెనకబడ్డాయో అయింది. విలియం మెక్‌డొనా ఎక్కిన రస్ట్ అనే గుర్రానికి వచ్చిన కష్టం ఇంకోరకం. ఒక సందు దారిలో జనం దాన్ని చుట్టుముట్టి కదలనివ్వలేదు. అది గెలవకూడదని పందెం కాసినవాళ్ళే ఆ పని చేశారని చెప్పుకున్నారు. రెయిలింగు లేని దారిలో, పోలీసులు అంతంతమాత్రంగా ఉన్న చోట, డబ్బు పెట్టిన జనం గుర్రానికి చేయి చాపితే అందేంత దూరంలో నిలబడితే ఇంకేం జరుగుతుంది? చూసేవాళ్ళ కోసం ఆటను మార్చారు అన్నాను కదా, ఆ చూసేవాళ్ళు ఇలా ఆటలోకి కూడా దిగిపోయారు.

రెండో చుట్టుకు లాటరీ అనే గుర్రం ముందుకొచ్చింది, ఇక ఎవరికీ అందలేదు. చివరి అడ్డంకిని దూకినప్పుడు నేలకు తాకిన చోట్ల మధ్య దూరం కొలిస్తే 33 అడుగులు, అంటే పది మీటర్లు ఉందని రాశారు. నాలుగు మైళ్ళు దుక్కిలో పరుగెత్తాక ఆ దూకుడు! మూడు గుర్రాల పొడవు వెనక సెవెంటీ ఫోర్, దాని మీద టామ్ ఆలివర్. మరో మూడు పొడవుల వెనక పౌలినా. తర్వాత వరుసగా ట్రూ బ్లూ, ద నన్, రైల్‌రోడ్, పయనీర్. 17 లో గమ్యం చేరినవి ఈ ఏడే. లాటరీయే ఫేవరెట్, ఆడ్స్ ఒకటికి ఐదు. కాబట్టి ఆ సాయంత్రం బుకీలకు అంత సంబరమేమీ ఉండి ఉండదు.

లాటరీ సంగతి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. దాని యజమాని జాన్ ఎల్మోర్, లండన్ దగ్గర గుర్రాల వ్యాపారి. ప్రభువు కాదు, గుర్రాలు కొని అమ్ముకుని బతికేవాడు. ఇలాంటి వ్యాపారికి స్టీపుల్‌చేజ్ గెలుపు అంటే కప్పు కాదు, తన దొడ్డిలోని మిగతా గుర్రాల ధర పెరగడం. మేసన్ అతని దగ్గర గుర్రాలను కొనేవాళ్ళ ముందు దూకించి చూపించే రౌతు, తర్వాత అతని అల్లుడయ్యాడు. మహా షోకిలా. తెల్ల గ్లవుజులు, ఒక చెప్పులవాడి దగ్గర బూటు పాదం, ఇంకోడి దగ్గర పైభాగం కుట్టించుకునేవాడట. తమాషా ఏమిటంటే ఆ గుర్రానికి మేసన్ అంటే అస్సలు పడేది కాదు. అతని జాకీ దుస్తులు కంటపడితే చాలు, దగ్గరికి రానిచ్చేది కాదు. అందుకని మేసన్ పైన కోటు వేసుకుని వచ్చి ఎక్కి, కూర్చున్నాక కోటు తీసేవాడట. ఎక్కాక మాత్రం ఇద్దరికీ ఒకటే లెక్క. భోజనానికి పరిచిన బల్ల మీదుగా దాన్ని దూకించేవాడని కూడా ఒక ముచ్చట ఉంది. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

ఆ తర్వాత లాటరీని మిగతా వాళ్ళు తట్టుకోలేకపోయారు. ఒకచోట "ఎల్మోర్ గారి లాటరీ తప్ప అన్ని గుర్రాలకూ ప్రవేశం" అని షరతు పెట్టారని చెబుతారు. 1840 లో ఎయిన్‌ట్రీలో రాతిగోడ దగ్గర పడింది. 1841 కి చెల్టెన్‌హామ్‌లో గెలిచిన గుర్రం 18 పౌండ్లు అదనంగా మోయాలని ఇంకో షరతు వచ్చింది. ఆ వర్ణనకు సరిపోయే గుర్రం ఏదో అందరికీ తెలుసు. అలా దాని మీద 13 స్టోన్ల 4 పౌండ్లు పడ్డాయి, 84 కిలోల పైమాటే. మేసన్ మధ్యలోనే ఆపేశాడు. ఆ ఏడు గెలిచింది చారిటీ, 1839 లో లాటరీతో పాటే పరుగెత్తిన ఆడగుర్రం. ఒక్క గుర్రాన్ని అణచడానికి షరతులు రాసే ఈ గందరగోళం ముదిరి, 1843 లో పందేన్ని పూర్తి హ్యాండికాప్‌గా మార్చేశారు. గుర్రం సత్తాను బట్టి ఎడ్వర్డ్ టాపమ్ బరువులు నిర్ణయించాడు. మీకు మలక్‌పేటలో అలవాటైన పద్ధతే. ఆ ఏడు వాన్‌గార్డ్ మీద గెలిచింది టామ్ ఆలివర్. అంతకుముందు ఏడాది గేలాడ్ మీద గెలిచిందీ అతనే, పదేళ్ళ తర్వాత 1853 లో పీటర్ సింపుల్ మీద మూడోసారి. 1839 లో రెండో స్థానంలో వచ్చినవాడి అదృష్టం అలా తిరిగింది, చేతిలో పైసా నిలవకపోవడం మాత్రం చివరిదాకా మారలేదు.

చీకటి వైపు కూడా చెప్పాలి. 1839 పందెంలో డిక్టేటర్ అనే గుర్రం రెండో చుట్టులో పడింది. రౌతు దాన్ని లేపి మళ్ళీ ఎక్కాడు. తర్వాతి అడ్డంకి దగ్గర కూలిపోయి అక్కడే చనిపోయింది. పడ్డ గుర్రాన్ని మళ్ళీ ఎక్కడం బ్రిటన్‌లో నిషిద్ధమైంది 2009 లో, అంటే దాదాపు 170 ఏళ్ళు పట్టింది. ఆ నాడే దీన్ని తప్పుపట్టినవాళ్ళు లేకపోలేదు. స్థానిక పత్రిక లివర్‌పూల్ మెర్క్యురీ, చూడటానికి ఉత్కంఠగా ఉందని ఒప్పుకుంటూనే, ఆ మాటకొస్తే కోడిపందేలూ ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పడమూ అలాగే ఉంటాయి కదా అని చురక వేసింది. ఆ పోలిక ఊరికే వేసింది కాదు. ఇంగ్లండ్‌లో ఆ రెండింటినీ అప్పటికి నాలుగేళ్ళ ముందు, 1835 లో చట్టం చేసి ఆపారు. కూలీజనం ఆడే కోడిపందెం నేరం, ప్రభువుల కమిటీ నడిపే గుర్రప్పందెం వేడుక. సంక్రాంతికి భీమవరం వైపు వెళ్ళొచ్చేవాళ్ళకు చట్టానికీ వేడుకకూ మధ్య ఈ బేరాలు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ రాతిగోడ ఎక్కువకాలం నిలవలేదు. కొన్నేళ్ళలోనే తీసేశారు, స్టాండు ముందు తర్వాత నీటి దూకుడు వచ్చింది. దున్నిన చేలు మెల్లగా పచ్చికయ్యాయి. రెండో వాగుకు 1840 లో వాలెంటైన్ అనే గుర్రం పేరు వచ్చింది. దాని రౌతు పవర్, మొదటి చుట్టులో రాతిగోడను తనే ముందు చేరతానని పందెం కాసి వచ్చాడు. వాగు దగ్గర గుర్రం వెనుదిరగబోయి, గాల్లో మెలితిరిగి, వెనక కాళ్ళు ముందుగా ఆనుతూ అవతల పడిందని అంటారు. అయినా గోడ దగ్గరికి ముందు చేరింది. బెచర్స్ బ్రూక్‌ను 1989 లో రెండు గుర్రాలు చనిపోయాక బాగా మార్చారు, పల్లం పూడ్చారు, తర్వాత కూడా ఇంకా చదును చేశారు. ఇప్పుడు టీవీలో చూస్తే అది ఆరో దూకుడుగా, మళ్ళీ ఇరవై రెండో దూకుడుగా వస్తుంది.

పాత విజేతల పట్టికలు చూసేటప్పుడు ఒక్కటి గమనించండి. 1839 లో దీన్ని ఎవరూ గ్రాండ్ నేషనల్ అనలేదు, గ్రాండ్ లివర్‌పూల్ స్టీపుల్‌చేజ్ అనేవాళ్ళు. ఆ పేరు స్థిరపడింది 1847 లో. కాబట్టి ఒకచోట 1836 నుంచి, ఇంకోచోట 1839 నుంచి, మరోచోట 1847 నుంచి మొదలుపెట్టి ఉంటే ఎవరో ఒకరు తప్పు రాశారని కంగారుపడొద్దు. మొదటివాళ్ళు పందేన్ని, రెండోవాళ్ళు జనం వచ్చిన రోజును, మూడోవాళ్ళు పేరును లెక్కపెడుతున్నారు. నన్నడిగితే నేను రెండోవాళ్ళ పక్షం, బెచర్ గెలిచిన ఏడాదిని మాత్రం పక్కన ఒక గీత గీసి రాసుకుంటాను.